సేవాసంస్థకు బండి ఇస్తున్నారా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

టాటా ఏస్, దోస్త్, సూపర్ క్యారీ, బొలెరో పికప్ లాంటి చిన్న సరుకుల బండ్లను సేవకు ఇవ్వాలనుకునేవాళ్లూ, తీసుకోబోయే సంస్థలూ రాసిన ఉత్తరాల్లోంచి ఎక్కువమందికి పనికొచ్చేవి ఈ సంచికలో తీసుకున్నాం.

ప్రశ్న: హోల్‌సేల్ కిరాణా వ్యాపారం మానేశాను. 2017 మోడల్ టాటా ఏస్ ఇంటి ముందే ఉంటోంది. నిలోఫర్ ఆసుపత్రి దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్లకు భోజనం పెట్టే ఒక సంస్థకు ఇద్దామనుకుంటున్నాను. "తాళాలు, ఆర్‌సీ ఇచ్చి ఫారం 29 మీద సంతకం పెట్టండి, మిగతాది మేం చూసుకుంటాం" అంటున్నారు. అంతటితో నా బాధ్యత తీరినట్టేనా?
*– బోడుప్పల్ పాఠకుడు*

తీరదండీ. ఆర్‌సీలో పేరు మారేదాకా చట్టం దృష్టిలో ఓనరు మీరే, బండి ఎవరి దగ్గరున్నా సరే. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చి చెప్పింది. అందులో బండి ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూ పోయింది, ఆర్‌సీ మాత్రం మొదట అమ్మినాయన పేరు మీదే ఉండిపోయింది. ప్రమాదం జరిగాక పరిహారం బాధ్యత ఆయన మీదే పడింది. మీరు ఇచ్చే సంస్థ ఎంత మంచిదైనా రోడ్డు మీద బండి నడిపేది వాళ్లు పెట్టుకున్న డ్రైవరు. ఇన్సూరెన్స్ లేని రోజున ఏదైనా జరిగితే కోర్టు నోటీసు బోడుప్పల్‌కే వస్తుంది.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 ప్రకారం రాష్ట్రం లోపల బండి చేతులు మారితే ఇచ్చినవాళ్లు 14 రోజుల్లో, పుచ్చుకున్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీఏకి (రవాణా శాఖ ఆఫీసుకు) తెలపాలి. మీరిచ్చే సమాచారం ఫారం 29, రెండు ప్రతులు. పేరు మార్పు దరఖాస్తు ఫారం 30, దాని మీద ఇద్దరూ సంతకాలు పెట్టాలి. వీటికి తోడు అసలు ఆర్‌సీ, అమల్లో ఉన్న ఇన్సూరెన్స్, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), పొల్యూషన్ సర్టిఫికెట్, సంస్థ పాన్, సంస్థ చిరునామా రుజువు కావాలి. సంస్థ తరఫున ఎవరు సంతకం పెడతారో చెప్పే తీర్మానం కూడా జతచేయాలి. ఈ తీర్మానం లేకే చాలా ఫైళ్లు వెనక్కి వస్తాయి. అది లెటర్‌హెడ్ మీద ఉండాలి, బండి నంబరు, సంతకం పెట్టే మనిషి పేరు అందులో రాయాలి.

పని వరస ఇలా పెట్టుకోండి. ముందు మీ బండి నంబరుతో పెండింగ్ చలాన్లు, రోడ్డు పన్ను బకాయి చూసి కట్టేయండి. మీది 2017 బండి కాబట్టి ఎనిమిదేళ్లు దాటింది, ఇక ఎఫ్‌సీ ఏటా చేయించాలి. గడువు అయిపోయి ఉంటే మొదట ఆ పని పూర్తిచేసుకోండి, ఎఫ్‌సీ లేకుండా పేరు మార్పు ముందుకు కదలదు. ఆ తర్వాతే రవాణా శాఖ వెబ్‌సైట్‌లో స్లాట్ తీసుకోండి.

ఖాళీ ఫారాల మీద మాత్రం సంతకం పెట్టి ఇవ్వకండి. సంస్థకు ఆ బండి కుదరక వేరేవాళ్లకు అమ్మేసిందనుకోండి, తేదీ లేని మీ సంతకంతో అది నేరుగా మూడో మనిషి చేతికి పోతుంది. మధ్యలో జరిగినవన్నీ మీ ఖాతాలోనే పడతాయి. తేదీ, సంస్థ పేరు, చాసిస్ నంబరు అన్నీ నింపాకే సంతకం పెట్టండి. కొత్త ఆర్‌సీ సంస్థ పేరు మీదే రావాలి. నిర్వాహకుల సొంత పేరు మీద వద్దు. రేపు ఆయన సంస్థ నుంచి తప్పుకుంటే బండి కూడా ఆయనతోనే వెళ్లిపోతుంది.

దానపత్రానికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దాకా వెళ్లక్కర్లేదు. చరాస్తి కాబట్టి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 123 ప్రకారం వస్తువు చేతికి అప్పగిస్తే దానం చెల్లుతుంది. అయినా రెండు ప్రతుల్లో ఒక అప్పగింత కాగితం రాసుకోండి. బండి నంబరు, చాసిస్, ఇంజిన్ నంబర్లు, మీటరు రీడింగు, తేదీతోపాటు గంట కూడా అందులో ఉండాలి. ఆ రోజు మధ్యాహ్నం సిగ్నల్ దాటిన చలాన్ వస్తే అది ఎవరిదో తేల్చేది ఆ గంటే. బండి ఎదుట ఇద్దరూ నిలబడి తీయించుకున్న ఒక ఫోటో దాంతోపాటు దాచుకోండి.

ఇంకో రెండు పనులు జనం మర్చిపోతుంటారు. ఒకటి ఇన్సూరెన్స్. బండితోపాటు పాలసీ కూడా మారాలని సంస్థ 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు పెట్టాలి. థర్డ్ పార్టీ రక్షణ చట్టం ప్రకారం బండితో వెళ్తుంది గానీ, పాలసీ పేరు మారనిదే బండికి జరిగిన సొంత నష్టానికి క్లెయిమ్ రాదు. రెండోది ఫాస్టాగ్. మీ ట్యాగ్ మూయకపోతే ఔటర్ రింగ్ రోడ్డు టోలు మీ ఖాతాలోంచే కోసుకుంటుంది. పైగా ఒక బండికి ఒకే ట్యాగ్ కాబట్టి, మీది రద్దయ్యేదాకా సంస్థకు కొత్తది రాదు.

ప్రశ్న: బండి విలువ రెండు లక్షల దాకా ఉంటుంది. ఇచ్చే సంస్థకు 80జి (దాతకు పన్ను మినహాయింపు ఇచ్చే గుర్తింపు) ఉంది. రెండు లక్షలకు రసీదు తీసుకుంటే పన్నులో మినహాయింపు వస్తుందా? బండి మా ఫర్మ్ పేరు మీద ఉంది, జీఎస్టీ నంబరు కూడా ఉంది.
*– సికింద్రాబాద్ పాఠకుడు*

రాదు. 2026 మార్చి దాకా అమలైన 1961 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 80జి కింది ఐదో వివరణ ఈ సంగతి సూటిగా చెప్పింది. మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చిన విరాళానికే. బియ్యం, బట్టలు, బండి ఏదిచ్చినా పుణ్యమే గానీ పన్ను లెక్కలోకి రాదు. వస్తువుకు విలువ కట్టి 80జి రసీదు ఇస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఆ రసీదు డబ్బు అందినట్టు చెప్పే తప్పుడు కాగితం అవుతుంది, మీకూ వాళ్లకూ ఇబ్బందే.

మినహాయింపు మీకు ముఖ్యమైతే దారి వేరే ఉంది. బండిని మార్కెట్ ధరకు అమ్మి, ఆ సొమ్మును బ్యాంకు ద్వారా సంస్థకు పంపండి. నగదుగా ఇస్తే ₹2,000 దాటిన విరాళానికి మినహాయింపు లేదు. మామూలు ట్రస్టులకు ఇచ్చినదాంట్లో సగానికి, అదీ మొత్తం ఆదాయంలో 10 శాతం పరిమితికి లోబడి మినహాయింపు వస్తుంది. సంస్థ తన వార్షిక నివేదికలో మీ పాన్ చూపి మీకు విరాళ ధ్రువపత్రం (1961 చట్టం కింద ఫారం 10బీఈ) ఇవ్వాలి. మామూలు రసీదుతో పని జరగదు. వ్యక్తిగా కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు 80జి అసలు వర్తించదని కూడా గుర్తుంచుకోండి.

ఇక జీఎస్టీ సంగతి. బండి కొన్నప్పుడు ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలు మీద కట్టిన జీఎస్టీని మీరు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) తీసుకున్నారా లేదా అన్నదే ఇక్కడ కీలకం. సరుకు రవాణా బండి కాబట్టి తీసుకునే అవకాశం ఉంది, చాలా ఫర్మ్‌లు తీసుకుంటాయి కూడా. తీసుకున్నట్టయితే ఉచితంగా ఇచ్చినా అది జీఎస్టీ చట్టం షెడ్యూల్ 1 కింద సరఫరాగానే లెక్క, పన్ను బాధ్యత పుడుతుంది. ఐదేళ్లు నిండని బండి అయితే మిగిలిన క్రెడిట్ వెనక్కి కట్టే లెక్క కూడా ముందుకొస్తుంది. సంతకాలకు ముందే పాత కొనుగోలు బిల్లు తీసుకెళ్లి ఆడిటర్‌కు చూపించండి. ఇచ్చేశాక లెక్క సరిదిద్దుకోవడం చాలా కష్టం.

ప్రశ్న: మేడ్చల్ దగ్గర 30 మందితో వృద్ధాశ్రమం నడుపుతున్నాం. ఒక దాత ఏడాదిగా నడవని డీజిల్ పికప్ ఇస్తానంటున్నారు. ఉచితమే కదా అని తీసుకోవచ్చా? ఏమేం చూసుకోవాలి?
*– ఒక నిర్వాహకురాలు*

అమ్మా, బండి ఉచితమే, దాన్ని నడపడం ఉచితం కాదు. కాబట్టి మెకానిక్‌ను పిలిచే ముందే కాగితం, పెన్ను తీసుకోండి. రోజుకు 40 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు అనుకుంటే 1,040 కిలోమీటర్లు. లీటరుకు 16 వస్తే 65 లీటర్లు కావాలి. లీటరు ₹96 లెక్కన ₹6,240. ఇన్సూరెన్స్ చూస్తే, 7,500 కిలోల లోపు సరుకు బండ్లకు 2022 జూన్ నుంచి అమలైన థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి ₹16,049, జీఎస్టీ అదనం. నెలకు ₹1,340 పక్కన పెట్టాలి. ఆపైన డ్రైవర్ జీతం, ఎఫ్‌సీ, సర్వీసు, టైర్లు. వారానికి ఒకసారి బోయినపల్లి మార్కెట్ నుంచి కూరగాయలు, నెలకోసారి బియ్యం తెచ్చుకోవడమే మీ అవసరమైతే కిరాయి ట్రాలీ చవక. అప్పుడు దాతకు మర్యాదగా చెప్పి, రోజూ బండి పని ఉండే సంస్థ వైపు ఆయన్ను మళ్లించండి. అలా చెప్పడానికి మొహమాటపడొద్దు.

తీసుకోవాలనే నిర్ణయించుకుంటే ఈ కింది వరసలో చూపించండి.

మొదట చాసిస్ నంబరు. లోహం మీద కొట్టిన అంకెలు ఆర్‌సీతో సరిపోవాలి, తుప్పు పట్టి చదవడానికి రాకపోతే ఎఫ్‌సీ దగ్గరే ఆగిపోతుంది. చాసిస్ పట్టీలను కిందికి వంగి చూడాలి. ట్రాలీ బోల్టులు కూర్చునే చోట తుప్పు, కొత్తగా పెట్టిన వెల్డింగు, దాని మీద పచ్చి రంగు కనబడితే ఆ బండి ఓవర్‌లోడ్‌తో నలిగిందని అర్థం. సమతలమైన చోట నిలిపి వెనక నుంచి చూస్తే ఒక పక్కకు వాలి ఉందేమో తెలుస్తుంది. వాలి ఉంటే కమాన్ కట్ట (స్ప్రింగు పట్టీల కట్ట) విప్పించి చూడాలి, పెద్ద పట్టీ నడిమి బోల్టు దగ్గరే ఎక్కువగా చిట్లుతుంది.

ఏడాది నిలబడ్డ డీజిల్ బండికి వచ్చీ రాగానే సెల్ఫ్ కొట్టకండి. ఫిల్టర్ గిన్నెలో నీళ్లు దిగి ఉంటాయి, ముందు వాటిని వదిలేయాలి. లేదంటే ఆ నీళ్లు పంపు, ఇంజెక్టర్లలోకి వెళ్తాయి. ఒక బండిని సేవకు పనికిరాకుండా చేసే ఖర్చు అక్కడే ఉంటుంది. ఆయిల్ పుల్ల తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే హెడ్ గాస్కెట్ పోయి కూలెంట్ కలిసినట్టే. కూలెంట్ బదులు నల్లా నీళ్లు పోసి నడిపిన బండ్లకు ఇది సర్వసాధారణం, లోపల తుప్పు పట్టి రేడియేటర్ మూసుకుపోతుంది, ఇంజిన్ వేడెక్కి హెడ్ వంగుతుంది. ఎలకలు వైరింగ్ కొరికాయేమో బ్యాటరీ కలపకముందే చూడాలి. బ్యాటరీ కలపకుండా మీటరు పెడితే 12.6 వోల్టులు ఉండాలి, 12 కంటే కిందికి దిగిందంటే కొత్తది కొనాల్సి రావచ్చు.

స్టార్ట్ అయ్యాక పొగ చూడండి. నీలం పొగైతే ఆయిల్ కాలుతోంది. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకుండా వస్తూ కూలెంట్ తగ్గుతుంటే మళ్లీ గాస్కెట్ అనుమానమే. నల్లపొగ ఎయిర్ ఫిల్టర్, ఇంజెక్టర్ల వల్ల వస్తుంది, ఫిల్టర్ వల్లైతే చిన్న పని. హ్యాండ్ బ్రేక్ లాగి, టాప్ గేరులో మెల్లగా క్లచ్ వదిలితే ఇంజిన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతుంటే క్లచ్ ప్లేటు అయిపోయింది. బండి కదిలే క్షణంలో కింద 'టక్' అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ అరిగింది. వెనక చక్రాల లోపలివైపు తడి ఉంటే వీల్ సిలిండర్ కారుతోంది. నిలబడ్డ బండ్లలో బ్రేక్ షూలు డ్రమ్ములకు పట్టేసి ఉండటం మామూలే, అది విప్పి శుభ్రం చేయిస్తే పోతుంది.

టైరు మీద నాలుగంకెలు ఉంటాయి. 2321 అంటే 2021లో 23వ వారం తయారైందని. గాడి ఎంత లోతున్నా ఆరేళ్లు దాటిన టైరును లోడు బండికి నమ్మకండి. ఎండకు పక్కగోడ పగిలి, లోడు మీద పేలుతుంది.

మొత్తం మరమ్మతుకు రాణిగంజ్‌లో సామాను ధరలు కనుక్కొని, ఆటోనగర్‌లో రెండు గ్యారేజీల అంచనా తీసుకోండి. ఆ అంచనాను దాతకు చూపించి, పేరు మారకముందే మరమ్మతు కూడా ఆయన్నే చేయించి ఇమ్మని అడగండి. బండి ఇవ్వాలన్న మనసున్నవాళ్లలో చాలామంది దీనికి ఒప్పుకుంటారు. అసలు అడగకపోవడం వల్లే ఎంతో మంచి బండ్లు ఆశ్రమాల ఆవరణల్లో తుప్పు పడుతున్నాయి.

ప్రశ్న: బండి మా నాన్నగారి పేరు మీద ఉంది, ఆయన చనిపోయారు. ఫైనాన్స్ కట్టడం పూర్తయింది కానీ ఆర్‌సీలో ఇంకా బ్యాంకు పేరుంది. ఆయన జ్ఞాపకంగా గోశాలకు నేరుగా ఇవ్వొచ్చా?
*– ఎల్బీ నగర్ పాఠకురాలు*

నేరుగా కుదరదమ్మా, రెండు మెట్లు ఎక్కాలి. ముందు బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఆర్‌సీలోంచి బ్యాంకు పేరు తీయించే ఫారం 35 తీసుకోండి. బ్యాంకు ఎన్‌ఓసీలకు సాధారణంగా మూడు నెలల గడువు రాసి ఉంటుంది, కాబట్టి మిగతా కాగితాలన్నీ చేతికొచ్చాకే దానికి వెళ్లడం మంచిది. బండిని వారసుల పేరుకు మార్చడం ఫారం 31తో జరుగుతుంది. దానికి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల అభ్యంతరం లేదనే అఫిడవిట్లు కావాలి. నిబంధన ప్రకారం మరణించిన మూడు నెలల్లోగా ఈ దరఖాస్తు చేయాలి, ఆలస్యమైతే వెంటనే మొదలుపెట్టండి. మీ పేరు మీదికి వచ్చాక ఫారం 29, 30లతో గోశాలకు. అన్నదమ్ముల్లో ఒక్కరికి ఇష్టం లేకపోయినా మొదటి మెట్టు దగ్గరే ఆగుతుంది, ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

ప్రశ్న: మాకు ఒక పికప్ విరాళంగా వచ్చింది. కారు లైసెన్సు ఉన్న వాలంటీర్ నడపొచ్చా? పర్మిట్ కావాలా? సెలవు రోజుల్లో హాస్టల్ పిల్లల్ని అందులో తీసుకెళ్లొచ్చా?
*– ఉప్పల్ నుంచి ఒక సంస్థ*

నడపొచ్చు. 7,500 కిలోల లోపు రవాణా వాహనానికి మామూలు ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు చాలని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. పర్మిట్ విషయం ఆర్‌సీ చూసి తేల్చుకోండి. లోడుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటకపోతే పర్మిట్ ఉండాలనే సెక్షన్ 66 నుంచి మినహాయింపు ఉంది. టాటా ఏస్ దాని కిందికే వస్తుంది. పెద్ద పికప్‌లలో కొన్ని దాటతాయి, వాటికి ఆర్‌సీతోపాటు పర్మిట్ బదిలీ కూడా అడగాలి.

పిల్లల్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఎక్కించకండి. ట్రాలీలో సీటు లేదు, బెల్టు లేదు, పట్టుకోవడానికి ఏమీ లేదు. ఒక్క గట్టి బ్రేకుకు అందరూ ముందుకు పడతారు. ఇన్సూరెన్స్ కంపెనీ కూడా సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించారన్న కారణంతో పరిహారం కాదంటుంది. ట్రాలీలో బెంచీలు వేయించడం, కప్పు కట్టి మొబైల్ క్లినిక్‌గా మార్చడం లాంటివి చేయాలనుకుంటే సెక్షన్ 52 కింద ముందే ఆర్టీఏ అనుమతి తీసుకొని, ఆర్‌సీలో మార్పు రాయించుకోవాలి.

వండిన అన్నం పంచడానికి వాడేటట్టయితే ఇంకొక మాట. లాభం లేకుండా పంచినా ఆహార భద్రత చట్టం దృష్టిలో అది ఆహార వ్యాపారమే, రిజిస్ట్రేషన్ ఉండాలి. వేడి పదార్థం 60 డిగ్రీల కిందికి దిగకుండా మూత గట్టిగా ఉన్న డబ్బాల్లో తీసుకెళ్లండి, అదే ట్రాలీలో సిమెంటు, పశువుల దాణా వేయకండి.

ప్రశ్న: 16 ఏళ్ల బండి, ఇంజిన్ పట్టేసింది. ఎవరికైనా దానం చేయనా, తుక్కుకు వేయనా?
*– కాటేదాన్ పాఠకుడు*

తుక్కుకే వేయండి, కానీ వీధి తుక్కు దుకాణానికి కాదు. 2021 నిబంధనల కింద నమోదైన స్క్రాపింగ్ కేంద్రానికి ఇవ్వండి. వాళ్లు సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ ఇస్తారు, ఆ తర్వాత రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. వీధి దుకాణంలో చాసిస్ ముక్క బయటికి పోతే మీ నంబరుతో ఇంకో బండి తిరిగే ప్రమాదం ఉంది. వచ్చిన సొమ్మును సంస్థ ఖాతాకు పంపితే, బండి ఇచ్చినదానికంటే ఎక్కువ మేలు. 15 ఏళ్లు దాటిన బండ్ల ఎఫ్‌సీ రుసుమును 2022 ఏప్రిల్ నుంచి బాగా పెంచారు, ఆ భారాన్ని సేవాసంస్థ నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. అక్కడి తన పాత పికప్‌ను చారిటీకి ఇచ్చి పన్ను తగ్గించుకోవచ్చంటున్నాడు. ఆ సాయం మన ఊరి ఆశ్రమానికే అందేలా చేయొచ్చా?
*– కూకట్‌పల్లి నుంచి ఒక తండ్రి*

అక్కడి పద్ధతి మనకు పూర్తిగా వేరు, బండి దానానికి కూడా మినహాయింపు ఉంది. కాకపోతే సంస్థ అమెరికాలో 501(సీ)(3) అనే చారిటీ గుర్తింపు ఉన్నదై ఉండాలి, మీ అబ్బాయి స్టాండర్డ్ డిడక్షన్ వదిలి ఖర్చులు విడివిడిగా చూపాలి. సంస్థ బండిని వాడకుండా అమ్మేస్తే, 500 డాలర్లు దాటిన చోట అమ్మగా వచ్చిన సొమ్మే మినహాయింపు, మార్కెట్ విలువ కాదు. అమ్మిన 30 రోజుల్లో సంస్థ ఫారం 1098-సీ ఇవ్వాలి. టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీద సంస్థ పేరు రాసి సంతకం చేశాక, టెక్సస్ మోటారు వాహనాల శాఖకు 30 రోజుల్లో బదిలీ సమాచారం పంపుకోవాలి, నంబరు ప్లేట్లు తీసి దగ్గర పెట్టుకోవడం మేలు. లేకపోతే అక్కడి టోలు బిల్లులూ ఆయన చిరునామాకే వస్తాయి.

మన ఆశ్రమానికి నేరుగా ఇస్తే అమెరికా పన్నులో మినహాయింపు రాదు. అందుకని బండిని అమ్మి డబ్బే పంపాలనుకుంటే పాస్‌పోర్టు చూడండి. ఆయనది ఇంకా భారత పాస్‌పోర్టు అయితే సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపొచ్చు, అది విదేశీ విరాళం కింద రాదు. అమెరికా పౌరసత్వం తీసుకొని ఉంటే, ఓసీఐ (ప్రవాస భారతీయ పౌరుల) కార్డు ఉన్నా సరే, ఆశ్రమానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో అందుకోసం తెరిచిన ఖాతా ఉండాలి. అవి లేని సంస్థ ఆ డబ్బు తీసుకుంటే నేరం. పంపే ముందు ఆశ్రమం వాళ్లను ఎఫ్‌సీఆర్‌ఏ నంబరు అడిగి, ఆ ఖాతాకే పంపించమనండి.